1001 గుర్తుంటే 7, 11, 13 భాగహారాలు నిమిషంలో తేలిపోతాయి
పెద్ద సంఖ్య 7తోనో 13తోనో నిశ్శేషంగా పోతుందా అని చూడటానికి మన పిల్లలు మొత్తం భాగహారం వేస్తూ కూర్చుంటారు, పోటీ పరీక్షలో అంత టైమ్ ఎక్కడుంటుంది? 1001 ఒక్కటి గుర్తుపెట్టుకోమనండి. అది 7 × 11 × 13.

ఆరంకెల సంఖ్యని మధ్యకి విరిచి, పెద్ద ముక్కలోంచి చిన్నది తీసేయండి. మన విజయనగరం పిన్ కోడే చూడండి, 535003లో 535లోంచి 3 పోతే 532, అది 7 × 76, కాబట్టి మొత్తం సంఖ్య కూడా 7తో పోతుంది. పక్కనున్న 535002కి 533 వస్తుంది, అంటే 13 × 41. శ్రీకాకుళం జిల్లా చివర ఇచ్ఛాపురం 532312కైతే 220, అది 11తో పోతుంది. మూడూ మన ఊళ్లలోనే దొరకడం నాకు భలే నచ్చింది!

కారణం చిన్నదే. 535 వేలంటే 535 సార్లు 1001 వేసుకుని, అందులోంచి 535 వెనక్కి తీసేసినట్టు. ఆ 1001ల భాగం 7, 11, 13 మూడింటితోనూ ఎలాగూ పోతుంది, కాబట్టి చూడాల్సింది రెండు ముక్కల తేడానే. తేడా సున్నా అయితే, 347347 లాగా, మూడింటితోనూ పోతుంది. అంకెలు ఆరు దాటితే కుడి నుంచి మూడేసి విడగొట్టి, ఒక ముక్క కూడుతూ తర్వాతది తీసేస్తూ పోవాలి.