బదిలీ ఉత్తరం చేతికొచ్చాక

బదిలీ అనగానే మన పాస్టర్లలో చాలామంది ముందు లారీ మాట్లాడతారు. నన్నడిగితే ముందు మాట్లాడవలసింది మీ స్థానంలోకి వచ్చే పాస్టరు గారితో. రిజిస్టర్లు, చెక్కుబుక్కు, సంస్కారపు పాత్రలు (ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేవి), హార్మోనియం, సమాధుల తోట గేటు తాళంచెవి, అన్నిటికీ జాబితా రాసి, ఇద్దరు సంఘ పెద్దల ఎదుట సంతకాలు పెట్టి అప్పగించండి. నోటిమాటగా అప్పగించిన ప్రతి వస్తువు గురించీ తరవాత ఫోను వస్తుంది.

ఆ సాయంత్రమే పాత సంఘం వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రండి. మనసొప్పదు, నాకు తెలుసు. అందులోనూ నేను వదిలిన గుంటూరు, వచ్చిన విజయవాడ పక్కపక్క ఊళ్లు. బస్సెక్కితే గంటా గంటన్నరలో దిగుతాం. అందుకే పెళ్లికీ, గృహప్రతిష్ఠకూ, పాప పుట్టినరోజుకూ "మీరే రావాలి అయ్యగారూ" అని కబురు వస్తూనే ఉంటుంది. ఇప్పుడున్న పాస్టరు గారు పిలిస్తేనే వస్తానని చెప్పేయండి. మొహమాటానికి వెళ్లడం మొదలుపెడితే అక్కడ ఆయన నిలదొక్కుకోలేరు, ఇక్కడ మిమ్మల్ని ఎవరూ తమవాడనుకోరు.

నేను లూథరన్ పాస్టరుని. గుంటూరు బ్రాడీపేట వైపు నుంచి విజయవాడ సింగ్ నగర్ వైపు వచ్చాను. 1842 జూలై 31న లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ అడుగుపెట్టిన ఊరు గుంటూరు. అక్కడ ఎవరి ముత్తాత ఏ మిషన్ బడిలో పంతులో అడక్కుండానే చెబుతారు. విజయవాడ సంఘమేమో, పనుల కోసం వచ్చి స్థిరపడినవారితో ఏర్పడింది. రైల్వేలో చేసేవారు, ఆటోనగర్ షెడ్లకు వెళ్లేవారు, పిల్లల చదువులకని వచ్చి ఉండిపోయినవారు. బందరు వైపు వారిలో ఎక్కువమందివి సీఎస్ఐ అలవాట్లు, ఒంగోలు వైపు వారివి బాప్టిస్టు అలవాట్లు. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు మరికొందరితో కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే సీఎస్ఐగా, ఏర్పడినప్పుడు మేము కలవలేదు, బాప్టిస్టులూ కలవలేదు. ఆ పాత సంగతి ఇప్పటికీ సంస్కారపు ఆదివారం కళ్లకు కడుతుంది. ఒకరు మోకరిస్తారు, ఒకరు నిలబడే ఉంటారు, ఇంకొకావిడ చిన్న గ్లాసు ఏదని వెతుక్కుంటుంది. పసిబిడ్డకు బాప్తిస్మం ఇస్తుంటే పెద్దయ్యాకే బాప్తిస్మం అనే బాప్టిస్టు పెద్దాయన ఒకరు వెనక వరుసలో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు. వీరందరినీ వచ్చిన నెలలోనే ఒక దారికి తేవాలని చూడకండి. ఏది విశ్వాసం, ఏది అలవాటు అన్నది ముందు మీరు తేల్చుకోండి. పసిబిడ్డల బాప్తిస్మం నా విశ్వాసం, దాన్ని వదలను. మోకరించడమా నిలబడడమా అంటే నాకు రెండూ సమ్మతమే.

కొత్త చోట నేను ముందుగా తెరిచేది సమాధి రిజిస్టరు. మూడు నాలుగేళ్ల పేజీలు తిరగేసి, ఏ ఇంట్లో ఎవరు ఏ తేదీన పోయారో డైరీలో రాసుకోండి. ఆ తేదీకి ఒకరోజు ముందు ఆ ఇంటికి వెళ్లండి. ప్రసంగం బాగుందని నలుగురు మెచ్చుకోవచ్చు కానీ, తండ్రి పోయిన తేదీ గుర్తుంచుకుని గుమ్మంలోకి వచ్చిన పాస్టరుని ఆ ఇల్లు మరిచిపోదు.

మా రిజిస్టరుకు ఇంకో కథ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు అది బీరువా కింది అరలో ఉంది. ఎండబెట్టారు కానీ పేజీలు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి, కింది సగంలో సిరా పాకి నీలి మరకలు మిగిలాయి. ఆ ఖాళీలు పూరించడానికి ఇల్లిల్లూ తిరిగాను. ఒక మామ్మగారు నేను అడిగింది పక్కన పెట్టి, లేచి గోడ దగ్గరికి వెళ్లి, స్విచ్‌బోర్డుకు పైన అరచెయ్యి ఆనించి, "ఇక్కడి దాకా వచ్చాయి అయ్యగారూ" అన్నారు. మంచం, కుట్టు మిషను, పెళ్లి ఫోటో, ఏవేవి పోయాయో అన్నీ చెప్పాక గానీ భర్త చనిపోయిన తేదీ చెప్పలేదు. తేదీతో పాటు వారమూ చెప్పారు. మీరూ అలా వివరాలు సేకరిస్తే అసలు పేజీ మీద దిద్దవద్దు. విడి కాగితం మీద రాసి, ఇంటివారి సంతకం తీసుకుని, కమిటీ చేత ఆమోదింపజేసి రిజిస్టరులో జతచేయండి.

ఇళ్లకు వెళ్లే వేళ ఊరిని బట్టి మారుతుంది. గుంటూరులో మిర్చి యార్డు జోరుగా నడిచే వేసవి నెలల్లో, అక్కడ పనిచేసేవారి ఇళ్లకు సాయంత్రం తరవాతే వెళ్లాలి. ఇక్కడ రాత్రి రైలు నడిపి వచ్చిన మనిషి తలుపును పగలు పదకొండింటికి తట్టామంటే ఆయన నిద్ర పాడుచేసినట్టే. ముందు డ్యూటీ ఎప్పుడో అడగండి. షుగరు ఉంటే మొదటి ఇంట్లోనే చెప్పేయండి, ఆ మాట మీకన్నా ముందే రెండో ఇంటికి చేరుతుంది.

కీర్తనల సంగతి. పుస్తకం అదే, మాటలవే, రాగం మాత్రం సంఘానికొకటి. మీకు తెలిసిన రాగమే సరైనదని మైకు దగ్గరికి వెళ్లకండి. ముందు వరుసలో కూర్చునే పెద్దావిడ ఎత్తుకున్న రాగాన్నే మీరూ అందుకోండి.

పెళ్లిళ్ల విషయంలో మాత్రం మెత్తబడకండి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మన పెళ్లిళ్లు ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలి, కనీసం ఇద్దరు సాక్షులుండాలి. "పాత అయ్యగారు రాత్రి తొమ్మిదికి చేశారండీ" అంటారు. చేసి ఉండవచ్చు. పెళ్లిళ్లు జరిపించడానికి మీకున్న లైసెన్సు కొత్త ప్రాంతానికి చెల్లుతుందో లేదో మొదటి పెళ్లి ఒప్పుకోకముందే చూసుకోండి.

పాస్టరమ్మగారికి ఉద్యోగం ఉంటే, స్త్రీల సమాజం ఆవిడే నడపాలని ఎవరూ అనుకోకముందే పెద్దలకు చెప్పండి. మా ఇంటావిడ బడిలో టీచరు. శుక్రవారం ఉపవాస కూడికకు రాలేనని మొదటి వారంలోనే చెప్పేసింది. రెండు రోజులు గుసగుసలు నడిచాయి, ఆ తరవాత ఆ కూడికను ఇద్దరు అక్కలు చక్కగా అందుకున్నారు.

మార్పులు క్రిస్మస్ దాటాక చూద్దాం అనండి. అప్పుడు కూడా ఒకటే ఎంచుకోండి, అదీ డబ్బు లెక్కలకు సంబంధించినదైతే మంచిది. నెలనెలా కానుకల లెక్క నోటీసు బోర్డు మీద పెట్టించండి. దీనికి అడ్డుచెప్పేవారెవరో తెలియడం కూడా మీకు అవసరమే.

మొదటి కమిటీలో ఎజెండా అంతా అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి: "గుడికి రావడం మానేసినవారు ఎవరు?" కాసేపు ఎవరూ నోరు మెదపరు, తరవాత ఒక్కొక్క పేరు వస్తుంది, దాని వెనక ఒక తగాదా వస్తుంది. తగాదా వివరాలు రాసుకోకండి, ఇంటి గుర్తులు మాత్రం రాసుకోండి. ఆ ఇళ్లకు పెద్దలెవరినీ వెంటబెట్టుకోకుండా ఒక్కరే వెళ్లండి.