చదివింది చేతల్లోకి రావాలంటే

గీతలు గీసుకున్న వాక్యాలు పుస్తకంలోనే ఉండిపోతుంటే, లోపం పట్టుదలలో కాదు. ఎప్పుడు, ఎక్కడ అన్నది తేల్చుకోకపోవడంలో. ‘రోజూ వ్యాయామం చేయాలి’ అన్నది కోరిక. ‘పొద్దున కాఫీ గ్లాసు సింకులో పెట్టగానే అక్కడే పది గుంజీలు’ అన్నది పని. ఇలా ముందే ముడిపెట్టుకోవడం గురించి మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో వివరంగా రాశారు.

నాకు పనిచేసిన పద్ధతి: ఒక్కో పుస్తకం నుంచి ఒక్కటే పని, అదీ రెండు నిమిషాల్లో అయిపోయేది. గడియారానికి ముడిపెట్టకండి. ‘ఏడింటికి’ అనుకుంటే చుట్టాలొచ్చిన రోజున తప్పిపోతుంది. కాఫీ మాత్రం ఆ రోజూ తాగుతాం.

21 రోజుల్లో అలవాటవుతుందన్న మాట నమ్మొద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకుల అంచనాలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. ఒక్కరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. కాబట్టి మర్నాడు బాకీ కింద ఇరవై తీయకండి, ఆ పదే చాలు.