'షి' అక్షరంతో తంటాలు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

చైనీస్ నేర్చుకునేవారికి మొదటి వారంలోనే ఎదురయ్యే అక్షరం 'షి' (是). పైన సూర్యుణ్ణి సూచించే డబ్బా, దాని కింద ఒక నడక రూపం, మొత్తం తొమ్మిది గీతలు. నిఘంటువులో దీని అర్థం 'అగుట'. నాలుగు స్వరాలు (అక్షరాన్ని పలికేటప్పుడు గొంతు ఎక్కి దిగే తీరులు), గీతల పేర్లు తెలిసినవారి కోసమే ఇది రాస్తున్నాను. ఎవరు ఏ వాక్యంతో వచ్చినా నేను మొదట అడిగేది ఒక్కటే: ఈ వాక్యాన్ని తెలుగులో వ్యతిరేకార్థంలోకి మార్చి చూశారా? అర నిమిషం కూడా పట్టని ఆ పని మానేసి, చాలామంది కొత్త యాప్ కోసం వెతుకుతూ కూర్చుంటారు.

లక్షణం: అక్షరం ఒక పక్కకు కూలినట్టు కనిపిస్తుంది, లేదా ఫోన్ చేతిరాతను గుర్తించదు.

కారణం చాలావరకు పై డబ్బాయే. గుండ్రని లిపికి అలవాటుపడిన మన చేయి మూలలను మింగేసి, డబ్బాను సున్నాలా ఒకే ఊపులో చుట్టేస్తుంది. దాన్ని నాలుగు గీతల్లో రాయాలి: ఎడమ నిలువు గీత, పైభాగాన్నీ కుడి పక్కనూ కలిపి మూల దగ్గర మలుపు తిరిగే ఒకే గీత, లోపలి అడ్డగీత, చివరగా అడుగును మూసే గీత. డబ్బాను నిలువుగా సాగదీయకుండా బల్లపరుపుగా ఉంచి, దాని కంటే వెడల్పైన ఐదో గీతను దాని కింద గీయండి. తరువాత పొట్టి నిలువు, దాని కుడిపక్క పొట్టి అడ్డం, ఎడమకు జారే గీత వస్తాయి. తొమ్మిదో గీత కుడికి బాగా సాగి, పైనున్న బరువునంతా మోయాలి. అది పొట్టిదైతే అక్షరం నిలబడదు. కింది భాగాన్ని వట్టి అడ్డం నిలువులతో సరిపెడితే అది ఉదయాన్ని, పెందలకడను తెలిపే 'త్సావ్' అనే వేరే అక్షరమవుతుంది.

లక్షణం: మీరు 'షి' అంటే ఎదుటివారికి పడమర అని అర్థమిచ్చే 'శీ' వినిపిస్తుంది.

మీరు పలికినది తాలవ్య శకారం. మన పుస్తకాల్లో శ, ష వేర్వేరుగా ఉన్నా నోటిలో ఆ తేడా ఎప్పుడో చెరిగిపోయింది. ఇక్కడ దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. నాలుక కొనను వెనక్కి మడిచి ష అనడం మొదలుపెట్టి, ఇకారంలోకి జారకుండా అక్కడే నిలిపి, స్వరాన్ని పైనుంచి కిందికి పడేయండి.

లక్షణం: ఎవరూ తప్పు పట్టరు, కానీ మీ వాక్యం విన్నవారు ఇంకేదో వినడానికి ఆగినట్టు చూస్తారు.

నన్ను చాలాకాలం ముంచిన లోపం ఇదే. ఒకరి ఇంట్లో భోజనానికి కూర్చుని, ఆకలిగా ఉందని చెప్పబోయి 'వో షి హెన్ ఎ' అన్నాను. ఆ ఇంటావిడ ఎంతో మర్యాదగా 'దాన్‌షి?' అని అడిగింది, అంటే 'కానీ?' అని. ఆ 'దాన్‌షి' చివర ఉన్నదీ ఈ అక్షరమే. గుణాన్ని తెలిపే మాట ముందు 'షి' పెడితే వాక్యం విరగదు. అర్థం పక్కకు జరుగుతుంది. తెలుగులో 'ఆకలిగా ఉంది' అనడానికీ, 'ఆకలిగానే ఉంది' అని సాగదీయడానికీ ఉన్నంత తేడా అది. రెండోది విన్నవారు 'కానీ' కోసం ఎదురుచూస్తారు. తప్పు పూర్తి తప్పుగా వినిపించకపోవడం వల్లనే దాన్ని ఎవరూ దిద్దరు, అందుకే అది ఏళ్ల తరబడి నోట్లో ఉండిపోతుంది.

దీని మూలం మన బడి ఇంగ్లీషు. యామ్, ఈజ్, ఆర్ కనిపించిన ప్రతిచోటా 'షి' దించేస్తాము. అలాగని నేరుగా తెలుగులో ఆలోచించినా గండం తప్పదు: 'ఆవిడ డాక్టరు' అన్న వాక్యంలో మనకు క్రియే లేదు కాబట్టి 'తా యీషెంగ్' అని ఊరుకుంటాము, అక్కడ 'తా షి యీషెంగ్' అనాలి.

పరిష్కారం, ముందే చెప్పిన ఆ పరీక్ష. వాక్యాన్ని తెలుగులో వ్యతిరేకించండి. 'కాదు' వస్తే 'షి' పెట్టండి. 'లేదు' వస్తే మానండి. 'నేను డాక్టరును కాను' అంటాము, కాబట్టి 'షి' ఉండాలి. 'నేను తీరిక లేకుండా లేను' అని మెలికపడే బదులు 'బిజీగా లేను' అనుకోండి: 'లేను' వచ్చింది, కాబట్టి 'బిజీగా ఉన్నాను' అనడానికి 'షి' లేకుండా 'వో హెన్ మాంగ్'. అక్కడ 'హెన్' అంటే 'చాలా' అన్న బరువు దాదాపు ఉండదు. అది లేకపోతే మాత్రం ఇంకొకరితో పోలుస్తున్నట్టు వినిపిస్తుంది. 'ఇంట్లో లేను' అన్నప్పుడు చోటును తెలిపే 'త్సాయ్', 'డబ్బు లేదు' అన్నప్పుడు కలిగి ఉండటాన్ని తెలిపే 'యౌ' కావాలి.

ఈ పరీక్ష ఒకచోట మోసం చేస్తుంది. 'ఆమె పొడుగు కాదు' అని కూడా మనం అంటాము. అలాంటి మాటకు 'గా' చేర్చి 'పొడుగ్గా లేదు' అని మళ్ళీ చూడండి; అలా మారితే 'షి' అక్కర్లేదు. రంగులకు మాత్రం, 'ఇది ఎర్రది' అని రకాన్ని చెప్పేటప్పుడు, 'షి' పెట్టి చివర 'ద' చేర్చడమే పద్ధతి.

తేదీలు, వారాలు, వయసుల్లో 'షి' లేని వాక్యాలు వింటారు. 'ఈ రోజు సోమవారం' అన్నది తెలుగులో లాగే 'జిన్‌థ్యెన్ శింగ్‌ఛీయీ' అయిపోతుంది. కానీ 'సోమవారం కాదు' అనాలంటే 'షి' తిరిగి రావాల్సిందే: 'బు షి'. ఆ 'బు' తన పడే స్వరాన్ని వదిలి, 'షి' ముందు పైకి లేస్తుంది. ప్రాచీన గ్రంథాల్లో ఇదే అక్షరం 'ఇది' అనే అర్థంలో కనిపిస్తుంది. పాత వాచకాలు చదవనివారికి దానితో పని లేదు.