రాజనీతి గ్రంథాలు చదవడం ఎలా? 3వ పాఠం: చెసేనా కూడలిలో శవం

గత రెండు పాఠాల్లో మాకియవెల్లి కాలపు ఇటలీ పటాన్ని, ఫ్లోరెన్స్ గణతంత్రం నడిచిన తీరును చూశాం. ఈసారి పుస్తకం తెరుద్దాం. పాలకులకు సలహాగా మాకియవెల్లి రాసిన 'ది ప్రిన్స్', ఏ అనువాదమైనా పరవాలేదు. 7వ అధ్యాయం తీసి, చేతిలో ఒక పెన్సిలు పట్టుకోండి. 26 అధ్యాయాలుండగా నేరుగా ఏడుకు దూకడం ఎందుకంటే, తన కళ్ల ముందు జరిగినదాన్ని మాకియవెల్లి పాఠంగా ఎలా మలుస్తాడో ఇక్కడ పట్టుకోవడం సులువు.

ఈ వారం నేర్చుకోవలసిన పని ఒకటే. జరిగిన సంగతి ఏది, దానికి రచయిత చెప్పిన కారణం ఏది, దాని నుంచి తీసిన సూత్రం ఏది అన్నది విడదీయాలి. వినడానికి తేలికే. కానీ మాకియవెల్లి ఈ మూడింటినీ ఒక్క ఊపులో చెప్పుకుపోతాడు, మనం ఆ ఊపులోనే తలాడించేస్తాం.

మనిషి గురించి ఇక్కడికి కావలసినంతే చెబుతాను. 1469 మే 3న ఫ్లోరెన్స్‌లో పుట్టాడు. 1498 మే నెలలో సవొనరోలా అనే సన్యాసిని నగర కూడలిలో ఉరితీసి కాల్చిన కొద్ది వారాలకే, 29వ ఏట గణతంత్రంలో కార్యదర్శి పదవి దక్కింది. పద్నాలుగేళ్లు అదే కొలువు. బలమైన సొంత సైన్యం లేని నగరం తరఫున ఫ్రాన్స్ రాజు దగ్గరికో పోప్ దగ్గరికో వెళ్లి, మాటలతో కాలం గడిపి, అక్కడ చూసినదాన్ని పైవాళ్లకు రాసి పంపడం అందులో పెద్ద భాగం. మనవాళ్లు ఆయన్ని ఇటలీ చాణక్యుడని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకు ఆ పోలిక నచ్చదు. అర్థశాస్త్రం తూనికలు, కొలతలతో సహా రాజ్యయంత్రాంగాన్నంతా వరుసగా అమర్చిన గ్రంథం. ఇది ఉద్యోగం ఊడిన రాయబారి రాసిన చిన్న పుస్తకం. దీన్ని రాయబారి నివేదికలా అనుమానంతో చదవాలి.

ఇక అధ్యాయంలోకి. పోప్ ఆరో అలెగ్జాండర్ కొడుకు చెజారె బోర్జా రొమాన్యా ప్రాంతాన్ని జయించాడు. ఎటు చూసినా దోపిడీలు, తగాదాలు. వాటిని అణచడానికి రెమిర్రో ద ఓర్కో అనే కర్కశుడికి సర్వాధికారాలూ ఇచ్చాడు. అతడు కొద్దికాలంలోనే ప్రాంతాన్ని దారికి తెచ్చాడు, దాంతోపాటే జనం ద్వేషాన్నీ మూటగట్టుకున్నాడు. ఆ తర్వాత బోర్జా రొమాన్యా నడిబొడ్డున ఒక న్యాయస్థానం పెట్టి, మంచి పేరున్న పెద్దమనిషిని దానికి అధ్యక్షుణ్ని చేశాడు. ప్రతి ఊరికీ అక్కడ ఒక న్యాయవాది. ఒకరోజు తెల్లవారేసరికి అక్కడి చెసేనా పట్టణ కూడలిలో రెమిర్రో శరీరం రెండు ముక్కలై పడి ఉంది. పక్కన ఒక కొయ్యముక్క, నెత్తురంటిన కత్తి. ఆ దృశ్యం చూసి జనం తృప్తిపడ్డారు, దిమ్మెరపోయారు కూడా అంటాడు మాకియవెల్లి.

కూడలి, కొయ్యముక్క, కత్తి కింద ఒక గీత గీయండి. అవి సంగతి. గడిచిన క్రౌర్యం తనది కాదు, తన మంత్రి స్వభావానిది అని బోర్జా జనానికి చూపదలచాడన్న వాక్యం కింద రెండు గీతలు గీయండి. అది కారణం.

ఆ రెండు గీతల వాక్యాన్ని పరీక్షించే వీలు మనకుంది. శవం కనబడింది 1502 డిసెంబరు 26న. ఫ్లోరెన్స్ దూతగా మాకియవెల్లి ఆ రోజు చెసేనాలోనే ఉన్నాడు, ఆ రోజే పైవాళ్లకు నివేదిక రాశాడు. ఎందుకు చంపారో సరిగా తెలియదని, ప్రభువైన బోర్జాకు అలా ఇష్టమైందని మాత్రమే అందులో ఉంది. యోగ్యతను బట్టి మనుషుల్ని నిలబెట్టడమూ పడగొట్టడమూ తనకు తెలుసని బోర్జా చూపుతున్నాడని మరో మాట చేర్చాడు. జనద్వేషాన్ని మంత్రి మీదికి తోసే పథకం ఊసే లేదు. పదకొండేళ్ల తర్వాత పుస్తకంలో అదే చావుకు ఏ సందేహమూ లేని కారణం ఉంది.

ఆయన అబద్ధమాడాడని నేను అనను. ఈ మధ్యలో చాలా జరిగింది. 1503 ఆగస్టులో పోప్ చనిపోయాడు, అదే సమయంలో బోర్జా మంచంపట్టాడు, అతని రాజ్యం కూలింది. 1512లో, అంతకుముందు నగరాన్ని ఏలిన మెదిచీ కుటుంబం ఫ్లోరెన్స్‌కు తిరిగివచ్చి మాకియవెల్లిని కొలువు నుంచి తీసేసింది. మరుసటి ఏడు కుట్ర అనుమానంతో జైల్లో పెట్టి, చేతులు వెనక్కి విరిచికట్టి తాడుతో పైకి లాగి వదిలారు. విడుదలయ్యాక సొంత పల్లెలో కూర్చుని రాసిన పుస్తకం ఇది. అంకితం ఇచ్చింది ఆ మెదిచీలకే, మళ్లీ కొలువు దొరుకుతుందన్న ఆశతో. కొత్తగా అధికారం చేతికొచ్చిన వాళ్లకు, ఎందుకు జరిగిందో తెలియని హత్య ఏం పనికొస్తుంది? కాబట్టి దానికి తర్కం సమకూర్చాడు.

మరి సూత్రం ఎక్కడుంది? 19వ అధ్యాయం తీయండి. జనానికి రుచించని పనులు ఇతరుల చేత చేయించాలి, మేలు చేసే పనులు పాలకుడు తన చేతుల మీదుగానే చేయాలి అని అక్కడ సూటిగా ఉంది. దాని కింద మూడు గీతలు గీయండి. దానికిచ్చిన ఉదాహరణలో నెత్తురు చుక్క లేదు. ప్రభువర్గానికీ ప్రజలకూ మధ్య తగవు తన మీద పడకుండా ఫ్రాన్స్ రాజు దాన్ని పార్లమాఁ అనే ఉన్నత న్యాయస్థానానికి వదిలేశాడు, అంతే. ఇప్పుడు మళ్లీ ఏడుకు రండి. అక్కడా శవానికి ముందు ఒక న్యాయస్థానం ఉంది. కత్తి గుర్తుంటుంది కాబట్టి చాలామంది పాఠకులు దాన్ని దాటేస్తారు. నా మటుకు ఈ పేరాలో పాలన గురించిన అసలు సలహా ఆ న్యాయస్థానమే. ద్వేషం నుంచి తప్పించుకోవాలన్న మాట పుస్తకమంతా మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రజలు ద్వేషించని పాలకుడికి అంతకు మించిన కోట లేదని 20వ అధ్యాయంలో అంటాడు.

అభ్యాసం రెండు భాగాలు. మొదటిది, 17వ అధ్యాయంలో మనుషులు తండ్రి చావునైనా త్వరగా మరుస్తారు గానీ ఆస్తి పోవడాన్ని మరవరనే చోటు వెతికి, అక్కడి నుంచి అధ్యాయం చివరిదాకా మూడు రకాల గీతలూ గీయండి. కార్తేజ్ సేనాని హన్నిబాల్, రోమన్ సేనాని స్కిపియోల దగ్గర కారణమూ సూత్రమూ కలిసిపోయి ఉంటాయి, నిదానంగా చదవండి. రెండోది, 7వ అధ్యాయం చివర్లో బోర్జాలో తప్పుపట్టడానికి ఏమీ లేదని చెప్పి, వెంటనే రెండో జూలియస్ పోప్ కావడానికి బోర్జా ఒప్పుకోవడం తప్పే అంటాడు. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయో మీ మాటల్లో ఒక పేరా రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో 8వ అధ్యాయం, సిరాక్యూస్ నియంత అగాథొక్లీస్ కథ చదువుతాం. దానికి ఆ పేరా అవసరమవుతుంది.