బొమ్మ వస్తుంది, సౌండ్ రాదు: టీవీకి సరిపడే ఫార్మాట్లు ఎంచుకోవడం ఎలా

పెన్ డ్రైవ్‌లో వీడియో వేసి టీవీకి పెడితే ఇబ్బంది మూడు రకాలుగా రావచ్చు. ఫైలే కనిపించకపోవచ్చు. కనిపించినా ఓపెన్ కాకపోవచ్చు. ఓపెనై, బొమ్మ వస్తున్నా సౌండ్ రాకపోవచ్చు. చాలామంది ఈ మూడింటికీ ఒకటే పని చేస్తారు: ఏదో ఒక కన్వర్టర్‌లో పడేసి ఫైల్ మొత్తం మార్చేస్తారు. దానికి గంటలు పడుతుంది, నాణ్యత తగ్గుతుంది, పైగా ఎక్కువసార్లు ఆ అవసరమే ఉండదు. ఏది ఎక్కడ ఆగిందో ముందు తెలుసుకుని ఆ ముక్క ఒక్కటే మార్చుకోవాలి.

ఫైల్ కనిపించకపోతే ముందు పెన్ డ్రైవ్ ఏ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందో చూడండి. ఫ్యాట్32ని దాదాపు అన్ని టీవీలూ చదువుతాయి గానీ అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. 64 జీబీ, అంతకన్నా పెద్ద డ్రైవ్‌లు సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి. పాత టీవీలు చాలావరకు దాన్ని గుర్తించవు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని మాత్రం చదివేస్తాయి. డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట కాపీ చేసుకుని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చి చూడండి. హార్డ్ డిస్క్ పెట్టినప్పుడు టక్ టక్ మంటూ ఆగిపోతుంటే అది ఫార్మాట్ సమస్య కాదు, కరెంటు చాలడం లేదు. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే. టీవీకి యూఎస్‌బీ 3.0 పోర్ట్ ఉంటే దానికి పెట్టండి, లేదా సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడండి.

ఇక ఫైల్ లోపలి సంగతి. ఎంకేవీ, ఎంపీ4, ఏవీఐ అన్నవి డబ్బాల పేర్లు. లోపల ఉన్నది కారమో పసుపో మూత మీద పేరు చెప్పదు. ఫైల్‌ని మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిచి, వ్యూ మెనూలో ట్రీ ఎంచుకోండి. వీడియో భాగంలో ఫార్మాట్, ప్రొఫైల్, బిట్ డెప్త్, ఫ్రేమ్ రేట్ మోడ్, స్కాన్ టైప్ చూడాలి. ఆడియో భాగంలో ఫార్మాట్, ఛానళ్లు చూడాలి. ఈ ఏడు వివరాలు తెలిస్తే తొంభై పాళ్లు సమస్య తేలిపోయినట్టే.

వీడియోని కుదించే పద్ధతుల్లో ఎక్కడైనా నడిచేది 8 బిట్ ఏవీసీ, అంటే హెచ్.264. (ఒక్కో రంగుకి ఎన్ని మెట్లు దాస్తారన్నది బిట్ డెప్త్; ఆ పద్ధతిలో ఏ సౌకర్యాలు, ఎంత బరువు వరకు వాడారన్నది ప్రొఫైల్, లెవెల్.) 1080పీకి హై ప్రొఫైల్, లెవెల్ 4.1 దాటకుండా ఉంటే పాత టీవీలు కూడా ఇబ్బంది పెట్టవు. హెచ్‌ఈవీసీ, అంటే హెచ్.265, అంతే నాణ్యతను సుమారు సగం సైజులో ఇస్తుంది. 4కే టీవీల్లో అది 10 బిట్‌తో సహా నడుస్తుంది గానీ పాత ఫుల్ హెచ్‌డీ టీవీల్లో నడుస్తుందన్న భరోసా లేదు. అందరూ పొరబడేది ఒకచోట ఉంది: 10 బిట్ హెచ్‌ఈవీసీ నడిచే టీవీలో కూడా 10 బిట్ హెచ్.264 నడవకపోవచ్చు. టీవీ చిప్‌లలో దానికి ఏర్పాటు చాలా అరుదు. ప్రొఫైల్ దగ్గర హై 10 అని కనిపిస్తే ఆ వీడియోని మార్చక తప్పదు. వీటికన్నా కొత్త పద్ధతి ఏవీ1ని ఇంట్లో దాచుకునే ఫైళ్లకు ఇప్పుడే ఎంచుకోవద్దు. 2020కి ముందు కొన్న టీవీల్లో దాన్ని నడిపించే చిప్ ఉండదనే అనుకోవాలి. ఇక 4కే వీడియోలో మనుషుల ముఖాలు ఊదా, ఆకుపచ్చ రంగుల్లోకి మారిపోతే అది డాల్బీ విజన్ (వెలుగునీడల తేడాని ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ వీడియోలో ఒక రకం) ప్రొఫైల్ 5. ఆ సౌకర్యం లేని టీవీలో రంగులు అలాగే వస్తాయి, పిక్చర్ సెట్టింగులు ఎంత తిప్పినా ప్రయోజనం లేదు. ప్రొఫైల్ 8.1 అయితే హెచ్‌డీఆర్10 టీవీలో కూడా రంగులు సరిగానే ఉంటాయి.

సౌండ్ రాకపోవడమే అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే సమస్య. దీనికి కారణం తరచూ డీటీఎస్ అనే సరౌండ్ సౌండ్ ఫార్మాట్. సామ్‌సంగ్ 2018 మోడళ్ల నుంచి డీటీఎస్‌ని తీసేసింది. ఎల్‌జీ 2020లో తీసేసి 2023లో మళ్లీ కొన్ని మోడళ్లలో తెచ్చింది. అందుకే పాత టీవీలో బాగా మోగిన ఫైల్ కొత్త టీవీలో మూగబోతుంది. సౌండ్ బార్‌కి డీటీఎస్ ఉన్నా చాలాసార్లు లాభం ఉండదు, ఎందుకంటే తనకు తెలియని ఆడియోని టీవీ ముందుకు పంపదు.

ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీ ఉన్నవాళ్లు ముందు వీఎల్‌సీ యాప్ వేసి చూడండి. అది డీటీఎస్‌ని సొంతంగా విప్పుకుంటుంది కాబట్టి ఫైల్ మార్చే పనే తప్పుతుంది. అలా కుదరకపోతే బొమ్మ జోలికి వెళ్లకుండా ఆడియో ఒక్కటే మార్చే పద్ధతి ఇది:

1. ఫైల్‌ని అవిడెమక్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరవండి. వీడియో అవుట్‌పుట్ దగ్గర కాపీ అన్నదాన్ని అలాగే ఉంచండి.
2. ఆడియో అవుట్‌పుట్ దగ్గర ఏసీ3 (అంటే డాల్బీ డిజిటల్) ఎంచుకుని, కాన్ఫిగర్‌లో 5.1కి, అంటే ఆరు ఛానళ్ల ఆడియోకి, 640 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) పెట్టండి. ఏసీ3కి అదే గరిష్ఠం. స్టీరియో అయితే 192 చాలు.
3. అవుట్‌పుట్ ఫార్మాట్ దగ్గర ఎంకేవీ మక్సర్ పెట్టి కొత్త పేరుతో సేవ్ చేయండి.
4. అవిడెమక్స్ లోపలి సబ్‌టైటిళ్లను వదిలేస్తుంది. అవి కావాలంటే పాత ఫైల్‌నీ కొత్త ఫైల్‌నీ కలిపి ఎంకేవీటూల్‌నిక్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో వేసి, పాతదాంట్లో ఆడియో టిక్ తీసేసి, కొత్తదాంట్లో ఆడియోకి మాత్రమే టిక్ ఉంచి మళ్లీ కలపండి.

బొమ్మను తిరిగి ఎన్‌కోడ్ చేయడం లేదు కాబట్టి నాణ్యత చుక్క తగ్గదు, రెండున్నర గంటల సినిమా అయినా నిమిషాల్లో తయారవుతుంది.

టీవీ నుంచి హోమ్ థియేటర్‌కి వెళ్లే తీగను బట్టి కూడా ఆడియో ఎంచుకోవాలి. ఆప్టికల్ కేబుల్‌లో స్టీరియో పీసీఎం (కుదించని ఆడియో) గానీ, 5.1 డాల్బీ డిజిటల్ లేదా డీటీఎస్ గానీ వెళ్తాయి. నాణ్యత తగ్గని డాల్బీ ట్రూహెచ్‌డీకి మాత్రం ఈఆర్క్ (హెచ్‌డీఎంఐ తీగలో టీవీ సౌండ్‌ని బయటికి పంపే ఆర్క్ ఏర్పాటులో కొత్త రకం) కావాలి, మామూలు ఆర్క్ సరిపోదు. ఏఏసీ అనే ఆడియో ఫార్మాట్‌లో 5.1 ఉన్న ఫైళ్లను చాలా టీవీలు స్టీరియోగా కుదించి పంపుతాయి. కాబట్టి వెనక స్పీకర్లు మోగాలనుకునే ఇంట్లో 5.1కి ఏసీ3యే క్షేమం. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎం మీద ఉంటే అన్నీ రెండు ఛానళ్లే అయిపోతాయి, దాన్ని ఆటోకో పాస్ త్రూకో మార్చండి. స్పీకర్లు లేకుండా ఒట్టి టీవీలోనే వింటుంటే సమస్య తిరగబడుతుంది: పాటలు, ఫైట్లు హోరెత్తిపోతాయి, మాటలు వినబడవు. 5.1లో మాటలు ఎక్కువగా సెంటర్ ఛానల్‌లో ఉంటాయి, రెండు స్పీకర్లలోకి కుదించినప్పుడు అవి మిగతా శబ్దాల కింద అణిగిపోతాయి. ఇంట్లో పెద్దవాళ్లు చూసే సినిమాలకు 5.1తో పాటు 192 కేబీపీఎస్ ఏఏసీ స్టీరియో ట్రాక్ ఒకటి కలిపి, దాన్నే డీఫాల్ట్‌గా పెట్టడం మంచిది.

పాత పెళ్లి డీవీడీలు, సీడీలు ఉన్నవాళ్లు ఈ పని వాయిదా వేయకండి. డిస్క్‌లు పాడైపోతాయి, పైగా కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్‌లే ఉండవు. డీవీడీని మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రాంతో ఉన్నదున్నట్టు ఎంకేవీలోకి తీసుకోండి. మామూలు ఒక పొర డిస్క్ అయితే 4.7 జీబీ లోపే వస్తుంది. ఇదే మీ అసలు ప్రతి, దీన్ని ఎప్పుడూ చెరపకండి. లోపల ఉండేది ఎంపెగ్2, చాలా టీవీలు దాన్ని నేరుగానే నడుపుతాయి.

ఫోన్‌లలో చూడటానికీ బంధువులకు పంపడానికీ మాత్రం హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత కన్వర్టర్‌లో హెచ్.264గా మార్చాలి. మన దేశంలో ఇవి 720×576లో, సెకనుకు 25 ఫ్రేమ్‌లతో, ఇంటర్‌లేస్ పద్ధతిలో ఉంటాయి. అంటే ఒక్కో ఫ్రేమ్‌లో సగం గీతలు ఒక క్షణానివి, మిగతా సగం తర్వాతి క్షణానివి. దాన్ని పట్టించుకోకుండా మారిస్తే తలంబ్రాలు పోసుకునేటప్పుడు చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలిపోయి కనిపిస్తాయి. ఒకసారి అలా ఎన్‌కోడ్ అయిందంటే బాగుచేయడం చాలా కష్టం. ఫిల్టర్స్ ట్యాబ్‌లో డీఇంటర్‌లేస్ దగ్గర బిడబ్ల్యూడీఐఎఫ్ గానీ యాడిఫ్ గానీ ఎంచుకుని ప్రీసెట్‌లో బాబ్ పెట్టండి. ఇది ఒక్కో ఫ్రేమ్‌లోని రెండు క్షణాలనూ రెండు విడి ఫ్రేమ్‌లుగా చేస్తుంది, అందుకే 25 కాస్తా 50 అవుతాయి. వీడియో ట్యాబ్‌లో 50 ఫ్రేమ్‌లు, కాన్‌స్టంట్ పెట్టండి. నాణ్యత ఆర్ఎఫ్ 18 ఉంచండి (ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు పెరుగుతాయి). నిష్పత్తి 4:3 అయితే అలాగే వదలండి, తెర నింపాలని 16:9కి లాగితే అందరూ లావుగా కనిపిస్తారు. 1080పీకి పెంచినా లేని వివరం పుట్టదు, ఫైల్ బరువు మాత్రం పెరుగుతుంది.

వీసీడీ అయితే ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్‌లో డీఏటీ (DAT) అన్న ఎక్స్‌టెన్షన్‌తో ఫైళ్లుంటాయి. అవి 352×288 ఎంపెగ్1. హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఎక్స్‌టెన్షన్ ఎంపీజీగా మారిస్తే చాలా ప్లేయర్లు తీసుకుంటాయి.

ఫోన్‌లో తీసిన వీడియోల్లో వేరే చిక్కు ఉంది. మీడియాఇన్ఫోలో ఫ్రేమ్ రేట్ మోడ్ వేరియబుల్ అని ఉంటే కొన్ని టీవీల్లో పోనుపోను పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది. హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ పెట్టి, 1080పీకి ఆర్ఎఫ్ 20 దగ్గర మార్చితే సరిపోతుంది. ఏ మార్పైనా మొత్తం ఫైల్ మీద మొదలెట్టకండి. రేంజ్ దగ్గర సెకండ్స్ ఎంచుకుని, కదలిక ఎక్కువున్న ఒక నిమిషం ముక్క తీసి టీవీలో చూశాకే మిగతాది.

తెలుగు సబ్‌టైటిళ్లకు ఎస్‌ఆర్‌టీ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8గా సేవ్ చేసి, వీడియో పేరే దానికీ పెట్టండి. టీవీలో డబ్బాలు కనిపిస్తే ఆ టీవీలో తెలుగు ఫాంట్ లేదన్నమాట. అక్షరాలు వచ్చినా ‘స్త్రీ’, ‘జ్ఞానం’ లాంటి మాటలున్న చోట ఆపి చూడండి. ఒత్తులు కింద చేరకుండా పొల్లులతో విడివిడిగా వస్తే టీవీ సాఫ్ట్‌వేర్‌కి మన లిపిని కూర్చడం రాదు. అప్పుడు వీఎల్‌సీ యాప్‌లో ప్రయత్నించాలి. అక్కడా కుదరకపోతే హ్యాండ్‌బ్రేక్‌లో బర్న్ ఇన్ చేసి అక్షరాలను బొమ్మలోనే కలిపేయాలి. అలా కలిపినవి మళ్లీ తీయడం కుదరదు, కాబట్టి అసలు ఫైల్ వేరుగా ఉంచుకోండి.

పాటల విషయంలో దాచుకునే ప్రతి ఒకటి, తిరిగే ప్రతి ఒకటి ఉండాలి. ఆడియో సీడీలనూ క్యాసెట్ల నుంచి రికార్డు చేసినవాటినీ ఫ్లాక్‌లో దాచండి. సీడీ ఆడియో సెకనుకు 1411 కిలోబిట్లు. ఫ్లాక్ దాన్ని సుమారు సగం నుంచి మూడింట రెండు వంతులకు కుదిస్తుంది, ఒక్క బిట్ కూడా పోదు. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చితే మాత్రం సైజు పెరగడమే తప్ప పోయింది తిరిగి రాదు. కారు స్టీరియోకి ఫ్యాట్32 పెన్ డ్రైవ్‌లో 256 లేదా 320 కేబీపీఎస్ ఎంపీ3 పెట్టండి. పాట పేర్లు డబ్బాలుగా కనిపిస్తుంటే ట్యాగ్‌లను (ఫైల్‌లోనే రాసి ఉండే పాట వివరాలను) ఐడీ3 2.3 వెర్షన్‌లో సేవ్ చేసి చూడండి. అప్పటికీ రాకపోతే ఆ స్టీరియోలో తెలుగు ఫాంట్ లేనట్టే, పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవాలి. కొన్ని స్టీరియోలు పాటల్ని పేరు వరసలో కాకుండా కాపీ చేసిన వరసలో పాడతాయి. అలాంటి కారుకి డ్రైవ్ ఖాళీ చేసి, ఫైళ్ల పేర్ల ముందు 01, 02 అని అంకెలు పెట్టి, ఒక్కో ఫోల్డర్‌నీ వరసగా కాపీ చేయాలి.