రెయిడ్ 5 నుంచి రెయిడ్ 10కి మార్చాను

మా ఆఫీసు సర్వర్లో నాలుగు 4 టీబీ డిస్కులు రెయిడ్ 5లో ఉండేవి (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడుకునే పద్ధతి రెయిడ్, అందులో ఒక రకం ఇది). 12 టీబీ చేతికొచ్చేది గానీ, బిల్లింగ్ డేటాబేస్ నత్తనడక. కారణం పారిటీ, అంటే ఒక డిస్కు పోయినా డేటాని తిరిగి లెక్కగట్టడానికి దాచే అదనపు సమాచారం: చిన్న మార్పుకి కూడా పాత డేటా, పాత పారిటీ చదివి, రెండూ తిరిగి రాయాలి. ఈలోగా ఒక డిస్కు పోయింది. రీబిల్డ్ అవ్వాలంటే, అంటే పోయినదాంట్లోని డేటా కొత్త డిస్కులోకి మళ్లీ రావాలంటే, మిగతా మూడింటినీ సాంతం చదవాలి. వాటిలో ఇంకొకటి మొరాయిస్తే అంతా గోవిందా! రాత్రంతా టెన్షనే.

అది గట్టెక్కగానే, బ్యాకప్ సరిచూసుకుని రెయిడ్ 10 కట్టాను. ఇందులో డిస్కులు జతలుగా ఉంటాయి, జతలోని రెండింటిలోనూ ఒకే డేటా ఉంటుంది. స్థలం 8 టీబీకి తగ్గిందని మా సార్ గొణిగారు. ఇప్పుడు ఒక మార్పుకి రెండు రాతలే, రీబిల్డ్‌కి జత డిస్కు చదివితే చాలు. రెయిడ్ 6 ఇచ్చేదీ 8 టీబీయే, పైగా ఏ రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది. వీడియోలు దాచుకునేవాళ్లకి నేనైతే అదే చెబుతా. కానీ అందులోనూ పారిటీ రాతలు తప్పవు. మాకు బిల్లు టకటకా రావడం ముఖ్యం, వస్తోంది.