ఇంగ్లీషు వంశవృక్షంలో తప్పిపోయిన పిల్లల్ని పట్టుకున్న తీరు

జనగణన పట్టీలనే నమ్ముకుని తరాలు దించుకుంటూ వస్తే ఇంగ్లీషు కుటుంబాల్లో పిల్లలు జారిపోతారు. లెక్క పదేళ్లకోసారి; మధ్యలో పుట్టి మధ్యలోనే పోయినవాళ్లు అందులో ఉండరు. అదే ఊళ్లో ఇద్దరు జాన్ స్మిత్‌లు తగిలితే ఇక గందరగోళమే.

నాకు దారి చూపింది తల్లి పుట్టింటి పేరు. జననాల నమోదుకు మూడు నెలలకోసారి వేసిన పాత సూచికల్లో అది 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచే ఉంటుంది. జనన మరణాలు, పెళ్లిళ్లు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం జనరల్ రిజిస్టర్ ఆఫీసు సొంత ఆన్‌లైన్ సూచికలో మాత్రం 1837 నుంచీ దొరుకుతుంది. ఒక వెతుకులాటకు ఐదేళ్లే (ఎంచిన ఏడాదికి అటూ ఇటూ రెండు), మగా ఆడా విడివిడిగా. అంటే ఇరవై ఏళ్ల కాపురానికి ఎనిమిది సార్లు. విసుగే, కానీ పని అవుతుంది. తల్లి పుట్టింటి పేరు గడి ఖాళీగా ఉంటే సాధారణంగా తల్లి అవివాహిత.

సరిచూడ్డానికి 1911 జనగణన ఉంది: వివాహితలు ఎందరిని కన్నారో, ఎందరు పోయారో అందులో రాయించారు. ఏడుగురని ఉండి ఆరుగురే దొరికితే ఇంటిపేరు స్పెల్లింగు మార్చి మళ్లీ వెతకాలి.

కూతుళ్ల దగ్గర తీగ తెగుతుంది. 1912 నుంచి పెళ్లి సూచికలో అవతలివారి ఇంటిపేరు ఉంటుంది. అంతకు ముందైతే సూచికలో ఆమె పెళ్లికి ఇచ్చిన సంపుటం, పుట సంఖ్యలే ఉన్న మగపేర్లు రాసుకుని, తర్వాతి జనగణనలో ఆమె పేరు, వయసు, పుట్టిన ఊరితో పోల్చాలి.